ఐఎస్‌ఎస్ నడినెత్తికి రాకముందే మాయమైంది, దాంతో పాటు నా పరువూ

కృష్ణలంక_అమ్మ
డిసెంబరు 27, రాత్రి 8:40

అందరికీ నమస్కారం. ఒక సందేహం, అందులో కొంచెం అవమానం కూడా ఉంది.

అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రం (ఐఎస్‌ఎస్) ఈరోజు సాయంత్రం 7:14కు విజయవాడ మీదుగా వెళ్తుందని ఒక వెబ్‌సైటులో చూశాను. మా అపార్టుమెంటులో నాలుగు ఇళ్లవాళ్లకు చెప్పి, పిల్లలతో కలిపి పదకొండు మందిని పద్మావతి ఘాట్‌కు తీసుకువెళ్లాను. మబ్బు లేదు. సరిగ్గా చెప్పిన సమయానికే నది అవతల నుంచి ఒక పెద్ద చుక్క లేచింది. మినుకుమినుకు లేదు, చప్పుడు లేదు. నిదానంగా పైకి ఎక్కుతూ వెలుగు పెరిగింది. పిల్లలు కేకలు వేశారు. ఇంకొంచెం ఉంటే నడినెత్తికి వస్తుందనగా ఎర్రబడి, పది సెకన్లలో ఆరిపోయింది. అందరూ తలలు పైకెత్తి అలాగే నిలబడ్డారు. మూడో అంతస్తు అన్నయ్యగారు "కరెంటు పోయినట్టుందమ్మా" అన్నారు. దారి పొడవునా అదే నవ్వు.

మా పాప మాత్రం "అమ్మా, పడిపోయిందా?" అని రెండుసార్లు అడిగింది. ఏం చెప్పాలో తెలియలేదు. మబ్బు లేనప్పుడు సగంలో ఎలా పోయింది?


అనుమానం_ముందు
డిసెంబరు 27, రాత్రి 8:52

అది గన్నవరంలో దిగే విమానం అయి ఉంటుంది. దీపాలు ఆర్పి ఉంటారు. 400 కిలోమీటర్ల పైన ఉన్న వస్తువు మామూలు కంటికి కనబడుతుందంటే నేను నమ్మను.


కృష్ణలంక_అమ్మ
డిసెంబరు 27, రాత్రి 8:58

మేము విమానాలు రోజూ చూస్తాం అండీ. వాటికి ఎర్రదీపం, పచ్చదీపం ఉంటాయి, టపటపా కొట్టుకుంటాయి. ఇది ఒకే వెలుగు, కదలిక తప్ప ఏమీ లేదు. పైగా విమానం దీపాలు ఆర్పేసి దిగుతుందా?


పటమట_ఫొటో
డిసెంబరు 27, రాత్రి 9:15

మీరు చూసింది ఐఎస్‌ఎస్సే. అది భూమి నీడలోకి వెళ్లింది, అంతే. వెబ్‌సైటు పట్టికలో చివరి గడి చూడండి. "అదృశ్యం: నైరుతి, 68 డిగ్రీలు" అన్నట్టుగా ఏదో ఉంటుంది. మొదటిసారి చూసేవాళ్లందరూ మొదలయ్యే సమయం మాత్రమే చూసి వెళ్తారు. నేనూ ఒకసారి ట్రైపాడ్ మొత్తం ఈశాన్యం వైపు తిప్పి పెట్టుకుని, రాని అతిథి కోసం పావుగంట కూర్చున్నాను.


కృష్ణలంక_అమ్మ
డిసెంబరు 27, రాత్రి 9:20

ఇప్పుడే చూశాను. "నైరుతి, 66" అనే ఉంది. మొత్తం పట్టిక చదవకుండా పదకొండు మందిని పోగేసింది నేనే. కానీ నీడ అంటే ఏమిటో పాపకు అర్థమయ్యేలా ఎవరైనా చెప్పండి.


లెక్కల_మాస్టారు
డిసెంబరు 27, రాత్రి 9:47

అమ్మా, నేను గుంటూరు బ్రాడీపేట. ముప్పై మూడేళ్లు పిల్లలకు లెక్కలు చెప్పి ఇప్పుడు ఖాళీగా ఉన్నాను కాబట్టి కాస్త పొడుగ్గా రాస్తాను.

పాపను ఒకరోజు సాయంత్రం అదే ఘాట్‌కు తీసుకువెళ్లి ఇంద్రకీలాద్రిని చూడమనండి. నీళ్ల దగ్గర పొద్దు వాలిపోయినా కొండ కొసన కాసేపు ఎండ నిలుస్తుంది. కొండ ఎంత ఎత్తయితే ఎండ అంత ఆలస్యంగా దిగుతుంది. ఇప్పుడు ఆ కొండ 400 కిలోమీటర్ల ఎత్తు ఉందనుకోండి. మనకు చీకటి పడి గంట దాటినా దాని కొసన ఎండ కాస్తూనే ఉంటుంది. ఐఎస్‌ఎస్ ఆ కొసన ఉంది. దాని సొంత దీపం ఏదో వెలిగి మనకు కనబడుతోందని కాదు, దాని సౌరఫలకాల మీద, గోడల మీద పడిన ఎండ మన కంటికి వస్తోంది. పట్టపగలు మన ఆకాశమే వెలుగుతో నిండి ఉంటుంది కాబట్టి కనబడదు. నడిరాత్రి అది కూడా నీడలో ఉంటుంది కాబట్టి మన ఊళ్ల నుంచి ఎప్పటికీ కనబడదు. మనకు చీకటి, దానికి ఎండ, ఈ రెండూ కలిసే వేళ పొద్దు గుంకాక గంటన్నర అటూ ఇటూ, మళ్లీ తెల్లవారుజామున అంతే.

పొద్దు గుంకేది పడమర కాబట్టి భూమి నీడ తూర్పు నుంచి లేస్తుంది. రాత్రి గడిచేకొద్దీ అది నడినెత్తి దాటి పడమరకు పాకుతుంది. నిన్న మొన్నటి పొద్దు 5:45 ప్రాంతంలో గుంకింది. మీరు చూసింది 7:14కు. అప్పటికి గంటన్నర. నీడ అంచు నడినెత్తి దాకా వచ్చేసింది. మీ అతిథి నైరుతి నుంచి వచ్చి నేరుగా ఆ గోడలోకి వెళ్లాడు. ఆరిపోయేముందు ఎర్రబడిందన్నారు చూడండి, అది కంటి భ్రమ కాదు. ఆ క్షణాన ఐఎస్‌ఎస్‌లో ఉన్నవాళ్లకు సూర్యాస్తమయం. మన గాలిపొరల గుండా వంగి వెళ్లిన ఎర్రటి ఎండ దాని మీద పడింది.

వాళ్లకు గంటన్నరకు కొద్దిగా ఎక్కువ సమయంలో ఒక చుట్టు పూర్తవుతుంది. అంటే రోజుకు పదహారు దాకా అస్తమయాలు. అందులో ఒకటి మీ పదకొండు మంది చూశారు. మూడో అంతస్తు వారికి ఇది చెప్పండి.


కృష్ణలంక_అమ్మ
డిసెంబరు 27, రాత్రి 10:05

మాస్టారూ, చదివి వినిపించాను. పాప వెంటనే "అయితే వాళ్లకు రోజుకు పదహారుసార్లు పడుకోవాలా?" అంది. ఆ ప్రశ్నకు జవాబు నేనే చెప్పుకున్నాను. చాలా కృతజ్ఞతలు.


ఘాటు_మిర్చి
డిసెంబరు 28, ఉదయం 7:10

గుంటూరు నుంచి నా గోడు కూడా వినండి. ఫోనులో ఒక యాప్ వేసుకుని మూడు రోజులు తెల్లవారుజామున మేడ ఎక్కాను. ఏమీ రాలేదు. నాలుగో రోజు చూస్తే అందులో ఊరు గుంటూరు కాదు, సముద్రాలు దాటి ఎక్కడో ఉంది. సమయం కూడా మనది కాదు. మూడు రోజులు ఇంకొకరి ఆకాశం చూశానన్నమాట. అమ్మ మాత్రం వీడికి భక్తి పెరిగిందని సంతోషించింది.


పటమట_ఫొటో
డిసెంబరు 28, ఉదయం 9:30

నాసా వారి స్పాట్ ది స్టేషన్ గానీ, హెవెన్స్ అబవ్ గానీ వాడండి. ఏది వాడినా ముందు ఊరు, తర్వాత సమయ మండలం సరిచూసుకోవాలి. ఇంకొక మాట. నెల రోజుల ముందు రాసుకున్న సమయాన్ని నమ్మకండి. అంత ఎత్తులోనూ పలచని గాలి ఉంది, దాని రాపిడికి ఐఎస్‌ఎస్ కొంచెం కొంచెంగా దిగుతుంటుంది. అప్పుడప్పుడు రాకెట్ మోటార్లు వెలిగించి మళ్లీ పైకి నెడతారు. ఆ నెట్టుడుతో లెక్క మారుతుంది. చూడబోయే రోజునే ఇంకోసారి సరిచూసుకుంటే మంచిది.

ఇక దిక్కుల సంగతి. కొత్తవాళ్లు తడబడేది ఇక్కడే. ఐఎస్‌ఎస్ కక్ష్య భూమధ్యరేఖకు 51.6 డిగ్రీల వాలులో ఉంది. అందువల్ల మన ఊళ్ల మీద దానికి రెండే దారులు. నైరుతి నుంచి ఈశాన్యం, లేదా వాయవ్యం నుంచి ఆగ్నేయం. నేరుగా పడమర నుంచి తూర్పుకు పోదు. తూర్పు నుంచి పడమరకు అసలే రాదు. దిక్సూచి తీయనక్కర లేదు. విజయవాడ వారికి నేను ఇలా చెబుతాను: ఒకటి గుంటూరు-నూజివీడు బండి, రెండోది కొండపల్లి-బందరు బండి. ఏ మేడ మీద నిలబడ్డా ఈ నాలుగు ఊళ్లు ఏ వైపో మనకు తెలుసు.


ఘాటు_మిర్చి
డిసెంబరు 28, ఉదయం 9:41

మరి మాకు?


పటమట_ఫొటో
డిసెంబరు 28, ఉదయం 9:55

గుంటూరు నుంచి అయితే చిలకలూరిపేట-విజయవాడ, పెదకూరపాడు-రేపల్లె.


తెనాలి_తాత
డిసెంబరు 28, ఉదయం 10:20

వాస్తు తెలిసిన ఇంట్లో ఇంకా సులువు. పెద్ద పడకగది మూల నుంచి దేవుడి గది మూలకు ఒకటి. చుట్టాల గది మూల నుంచి వంటింటి మూలకు ఇంకొకటి.


లెక్కల_మాస్టారు
డిసెంబరు 28, ఉదయం 10:32

తాతగారూ, ముప్పై మూడేళ్ల సర్వీసులో ఇంత మంచి దిక్కుల పాఠం నేను చెప్పలేదు.

ఎత్తు సంగతి కూడా చేర్చుతాను. చేయి పూర్తిగా చాచి పిడికిలి బిగిస్తే ఆ పిడికిలి వెడల్పు సుమారు 10 డిగ్రీలు. దిగంతం నుంచి పిడికిలి మీద పిడికిలి పేర్చుకుంటూ పోతే తొమ్మిదికి నడినెత్తి వస్తుంది. పట్టికలో గరిష్ఠ ఎత్తు 20 లోపు ఉంటే, అంటే రెండు పిడికిళ్లు, ఊరి మధ్యలో ఉన్నవాళ్లు శ్రమపడవద్దు. ఎదురింటి నీళ్ల ట్యాంకే అడ్డం వస్తుంది. 40 దాటితేనే పదిమందిని పిలవండి.

ఇంకా ఒక తేడా. ఉత్తరాన ఐరోపా దేశాల వాళ్లకు ఒక్క సాయంత్రమే రెండు మూడుసార్లు వస్తుంది. మనకు మొదటి ఆటే, రెండో ఆట లేదు. అది ఒక చుట్టు తిరిగి వచ్చేలోపు భూమి కింద తిరిగిపోయి ఉంటుంది. తర్వాతి చుట్టు మనకు దాదాపు 2,500 కిలోమీటర్ల పడమరగా, అరేబియా సముద్రం అవతల పోతుంది.


అనుమానం_ముందు
డిసెంబరు 28, మధ్యాహ్నం 1:15

సరే, ఒప్పుకోకుండానే అడుగుతున్నాను. పోయిన నెల మా ఊరి మీద దీపాల దండలాగా ముప్పై నలభై చుక్కలు వరసగా పోయాయి. అదీ ఇదేనా?


పటమట_ఫొటో
డిసెంబరు 28, మధ్యాహ్నం 1:40

కాదు. అవి స్టార్‌లింక్ ఉపగ్రహాలు. ఒకే రాకెట్‌లో గుంపుగా వెళ్లి, మొదటి కొద్దిరోజులు అలా వరసలో కనబడతాయి. తర్వాత ఎత్తుకు ఎక్కి విడిపోతాయి. ఒంటరి పెద్ద చుక్కే ఐఎస్‌ఎస్. దానికంటే కొంచెం తక్కువ వెలుగుతో ఇంకొకటి పోతే చైనా వారి అంతరిక్ష కేంద్రం తియాన్‌గాంగ్ కావచ్చు. దాని మొదటి భాగం 2021 ఏప్రిల్‌లో వెళ్లింది. అదీ మన మీదుగా పోతుంది.


తెనాలి_తాత
డిసెంబరు 28, సాయంత్రం 4:05

పాప "పడిపోయిందా" అని అడిగిందన్నారు. ఆ మాట చదివినప్పటి నుంచి నాకు 1979 గుర్తొస్తోంది.

అప్పుడు మా ఊళ్లో ఎవరు ఎవరిని కలిసినా ఒకటే మాట, స్కైలాబ్. అమెరికా వారు 1973లో పంపిన అంతరిక్ష కేంద్రం. మనుషులు లేరు, అదుపు తప్పింది, ఎక్కడ పడుతుందో చెప్పలేమన్నారు. రేడియో చెప్పింది ఒక వాక్యం, రచ్చబండ దగ్గరకు వచ్చేసరికి అది పది వాక్యాలు. మా పెదనాన్న కోళ్ల గూడు మూడు రోజుల్లో ఖాళీ. "పోయేటప్పుడు తినకుండా పోతామా" అని మేకను కూడా కోశారు. అప్పు ఇచ్చినవాడు వసూలుకు తిరిగాడు, తీసుకున్నవాడు "ఎల్లుండి తర్వాత చూద్దాం" అన్నాడు. ఒకాయన పంట అమ్మిన డబ్బు మొత్తం పెట్టి ఊరందరికీ మిఠాయి పంచాడు. జులై 11న అది హిందూ మహాసముద్రంలోనూ ఆస్ట్రేలియా పడమటి కొసనా ముక్కలై పడింది. మర్నాడు ఉదయం మా ఊళ్లో అందరూ బతికే ఉన్నారు, కోళ్లు మాత్రం లేవు. మిఠాయి పంచినాయన నెల రోజులు ఇంట్లోంచి బయటికి రాలేదు.

ఆస్ట్రేలియాలో ఎస్పరెన్స్ అనే ఊరివాళ్లు, మా ఊళ్లో చెత్త వేశారని నాసాకు 400 డాలర్ల జరిమానా రాశారట. చాలా ఏళ్లకు చదివాను. మా పెదనాన్నకు ఆ తెలివి ఉంటే కోళ్ల ఖరీదు రాబట్టేవాడు.


అనుమానం_ముందు
డిసెంబరు 28, సాయంత్రం 4:30

అదే నేను అడగబోయేది. స్కైలాబ్ పడింది కదా, ఇది పడదా? ఇది ఎంత బరువు?


లెక్కల_మాస్టారు
డిసెంబరు 28, సాయంత్రం 5:12

సుమారు 420 టన్నులు. ఒక కొస నుంచి ఇంకో కొసకు 109 మీటర్లు, అంటే వరసగా పెట్టిన నాలుగున్నర రైలు బోగీలు. స్కైలాబ్ 80 టన్నుల లోపే. కాబట్టి మీ భయం అర్థం లేనిది కాదు.

అయితే స్కైలాబ్‌ను పైకి నెట్టడానికి దాని దగ్గర ఏ వాహనమూ లేకపోయింది. అందుకే దిక్కులేకుండా దిగింది. ఐఎస్‌ఎస్‌లో 2000 నవంబరు 2 నుంచి ఒక్కరోజు కూడా మనిషి లేకుండా లేదు, నెట్టే వాహనాలు ఎప్పుడూ తగిలించి ఉంటాయి. దాని పని 2030తో ముగించాలని అనుకుంటున్నారు. ఆ తర్వాత పట్టి దించడానికే ఒక ప్రత్యేక వాహనం తయారు చేసే పనిని 2024లో స్పేస్‌ఎక్స్‌కు అప్పగించారు. దక్షిణ పసిఫిక్‌లో ఏ తీరానికీ అందనంత దూరంలో ఉన్న నీళ్లలో దించుతారు. రష్యా వారి మీర్ అంతరిక్ష కేంద్రాన్ని 2001 మార్చిలో పసిఫిక్‌లోనే దించారు. కోళ్లను ముట్టుకోవద్దు.


రేడియో_చెవి
డిసెంబరు 28, రాత్రి 8:20

మంగళగిరి నుంచి. అందరూ చూడడం గురించే మాట్లాడుతున్నారు, వినడం గురించి ఎవరూ అనలేదు. ఐఎస్‌ఎస్‌లో హ్యామ్ రేడియో, అంటే అభిరుచి కొద్దీ నడిపే రేడియో, ఉంది. వాళ్ల మాట 145.800 మెగాహెర్ట్జ్ మీద కిందికి వస్తుంది. చేతిలో పట్టే చిన్న రిసీవరు చాలు. వాళ్లు బడి పిల్లలతో మాట్లాడే రోజుల్లో వ్యోమగాముల గొంతు స్పష్టంగా వస్తుంది. పిల్లల ప్రశ్న మాత్రం వినబడదు, వాళ్లు వేరే ఊళ్లో ఉంటారు కదా. కాబట్టి జవాబులు విని ప్రశ్న ఊహించుకోవాలి. అదొక ఆట. మీరు మాట్లాడాలంటే లైసెన్సు కావాలి, వినడానికి పెద్ద సామగ్రి అక్కర లేదు.

ఎక్కువ రోజులు ఏమీ వినబడదు. అది కూడా ముందే చెబుతున్నాను. వినబడ్డ రోజున మాత్రం, అది లేచేటప్పుడు 3 కిలోహెర్ట్జ్ పైన, దిగేటప్పుడు అంతే కిందన పట్టుకోవాలి. స్టేషన్‌లోకి వచ్చే రైలు కూత, దాటిపోయే రైలు కూత వేరుగా వినబడతాయి కదా, అదే.


ఘాటు_మిర్చి
డిసెంబరు 28, రాత్రి 8:45

మన గుంటూరు మూలాలున్న శిరీష బండ్ల గారు అందులోకే వెళ్లారు కదా?


రేడియో_చెవి
డిసెంబరు 28, రాత్రి 9:02

లేదు. ఆమె 2021 జులై 11న వర్జిన్ గెలాక్టిక్ నౌకలో 80 కిలోమీటర్లు దాటిన ఎత్తుకు వెళ్లి ఆ గంటలోనే దిగారు. కక్ష్యలోకి కాదు. తెలుగు మూలాలతో ఐఎస్‌ఎస్‌లో ఉన్నది రాజా చారి. ఆయన తండ్రి హైదరాబాదు నుంచి అమెరికా వెళ్లారు. చారి 2021 నవంబరు నుంచి 2022 మే దాకా ఐఎస్‌ఎస్‌లోనే ఉన్నారు. భారతదేశం తరఫున ఐఎస్‌ఎస్‌లో అడుగుపెట్టిన మొదటి వ్యక్తి శుభాంశు శుక్లా, 2025 జూన్ 26న. రాకేశ్ శర్మ 1984లో వెళ్లింది సోవియట్ వారి సల్యూత్-7 అంతరిక్ష కేంద్రానికి, అప్పటికి ఐఎస్‌ఎస్ లేదు.

శుక్లా ఉన్న రోజుల్లో ఇక్కడ వానకాలం. మేఘాల వెనుక నుంచి పోయిందని ఊహించుకుని దండం పెట్టాను.


ఘాటు_మిర్చి
డిసెంబరు 29, ఉదయం 8:15

రాత్రంతా ఆలోచించాను. గుంటూరు-నూజివీడు బండి అన్నారు కదా. అంటే అది ముందు గుంటూరు మీదుగా వచ్చి తర్వాతే విజయవాడకు వెళ్తుంది. ఈ విషయం పెద్ద అక్షరాలతో రాసి పెట్టండి. మేము ముందు.


కృష్ణలంక_అమ్మ
డిసెంబరు 29, ఉదయం 8:40

ఎంత ముందు, తమ్ముడూ?


లెక్కల_మాస్టారు
డిసెంబరు 29, ఉదయం 9:05

మా ఇంటి నుంచి కృష్ణలంకకు గీత గీసినట్టు కొలిస్తే 30 కిలోమీటర్లు. ఐఎస్‌ఎస్ సెకనుకు ఏడున్నర కిలోమీటర్లకు పైగా పోతుంది. 4 సెకన్లు ముందు.


అనుమానం_ముందు
డిసెంబరు 29, ఉదయం 9:11

మేము బస్సులో గంట పైన కూర్చుంటాం.


ఘాటు_మిర్చి
డిసెంబరు 29, ఉదయం 9:12

4 సెకన్లయినా ముందు ముందే. బెజవాడ వారు ఒప్పుకోవాలి.


నిర్వాహకుడు
డిసెంబరు 29, ఉదయం 10:00

ఊళ్ల పోటీ ఇంతటితో ఆపగలరు. నిన్న రాజధాని విషయంలో తెరిచిన చర్చ ఎలా ముగిసిందో అందరికీ తెలుసు.


లెక్కల_మాస్టారు
డిసెంబరు 29, ఉదయం 11:30

ఆపవద్దు, ఆ పోటీలోనే మంచి లెక్క ఒకటి ఉంది.

గుంటూరు, విజయవాడ ఒకదానికొకటి నైరుతి-ఈశాన్య దిక్కుల్లో ఉన్నాయి. ఐఎస్‌ఎస్ అదే గీత మీద వస్తే మన మధ్య దూరం సమయంగా మారుతుంది, 4 సెకన్లు. కానీ కొండపల్లి-బందరు దారిలో వచ్చినప్పుడు ఆ గీతను అడ్డంగా కోస్తుంది. అప్పుడు ఇద్దరికీ దాదాపు ఒకే సమయానికి కనబడుతుంది, కానీ ఒకే చోట కనబడదు. ముఖం ముందు వేలు పెట్టుకుని ఒక కన్ను మూసి, తర్వాత రెండో కన్ను మూసి చూడండి. వేలు గోడ మీద పక్కకు జరుగుతుంది. మన రెండు ఊళ్లు రెండు కళ్లు, ఐఎస్‌ఎస్ వేలు, వెనుక ఉన్న నక్షత్రాలు గోడ. ఎంత జరిగిందో కొలిస్తే అది ఎంత దూరంలో ఉందో మనమే లెక్క కట్టవచ్చు. ఎవరి మాటా నమ్మనక్కర లేదు. అనుమానం గారికి ఇది నచ్చుతుందనుకుంటాను.

సాయంత్రం వేళ ఆ దారిలో వచ్చే రోజులు ఇంకో మూడు నాలుగు వారాలకు మొదలవుతాయి. ఇప్పుడు అవి తెల్లవారుజామున వస్తున్నాయి, రోజుకు ఇరవై అయిదు నిమిషాల చొప్పున ముందుగా వస్తూ, నడిరాత్రి మీదుగా వెనక్కి జరిగి సాయంత్రానికి చేరతాయి. తెల్లవారుజామున కృష్ణ ఒడ్డున మంచు ఉంటుంది కాబట్టి సాయంత్రం దాకా ఆగుదాం.


పటమట_ఫొటో
డిసెంబరు 29, మధ్యాహ్నం 12:10

నేను సిద్ధం. గుంటూరులో ఫొటో ఎవరు తీస్తారు? ఫోను అయినా సరే, కదలకుండా పెట్టి పది సెకన్లు తెరిచి ఉంచితే చాలు, గీతలాగా వస్తుంది. ఇద్దరి గడియారాలు కలపాలా మాస్టారూ?


లెక్కల_మాస్టారు
డిసెంబరు 29, మధ్యాహ్నం 12:25

అక్కర లేదు, అదే ఇందులో అందం. మనకు కావలసింది గీత, చుక్క కాదు. నక్షత్రాల మధ్య గీత ఎక్కడుందో చూస్తే చాలు.


ఘాటు_మిర్చి
డిసెంబరు 29, మధ్యాహ్నం 12:31

గుంటూరు తరఫున నేను. ఈసారి ఊరు సరిచూసుకుని ఎక్కుతాను.


పటమట_ఫొటో
జనవరి 19, రాత్రి 9:00

పండుగ అయిపోయింది, అరిసెలు అయిపోయాయి, ఇక పనిలోకి రండి. 22న సాయంత్రం 7:05 ప్రాంతంలో వాయవ్యం నుంచి ఆగ్నేయానికి. గరిష్ఠ ఎత్తు విజయవాడలో 79, గుంటూరులో 75. ఆ వేళకు కృత్తికలు దాదాపు నడినెత్తిన ఉంటాయి, వాటికి తూర్పున ఎర్రగా రోహిణి. రెండూ ఫొటోలో పడేలా పెట్టుకోండి. ఆ రెండింటి మధ్య 14 డిగ్రీలు. అదే మన కొలబద్ద.


కృష్ణలంక_అమ్మ
జనవరి 22, రాత్రి 7:40

మళ్లీ ఘాట్ నుంచే రాస్తున్నాను. ఈసారి పందొమ్మిది మంది. మూడో అంతస్తు అన్నయ్యగారు టార్చిలైటు తెచ్చుకున్నారు, "కరెంటు పోతే" అట.

పోలేదు! కొండపల్లి వైపు నుంచి లేచి, దుర్గమ్మ కొండ పక్కగా ఎక్కి, నడినెత్తికి కొంచెం పక్కగా వచ్చినప్పుడు శుక్రుడికంటే తక్కువేమీ లేదు. మా పాప చేయి చాచి చూపించింది, కృత్తికల గుంపును సరిగ్గా రాసుకుంటూ పోయింది. బందరు వైపు బాగా కిందికి దిగాక ఆరిపోయింది. అయిదు నిమిషాలు. ఒక్కరూ ఫోనులోకి చూడలేదు.


ఘాటు_మిర్చి
జనవరి 22, రాత్రి 7:52

కృత్తికలను రాసుకుంటూనా? అక్కా, నా దగ్గర రోహిణి పక్క నుంచి పోయింది. వేలెడు దూరం కూడా లేదు. కృత్తికలు దానికి దూరంగా ఉన్నాయి. నా ఫొటోలో ఉంది, పంపుతున్నాను. నేనే తప్పు చూశానా?


లెక్కల_మాస్టారు
జనవరి 22, రాత్రి 7:58

ఇద్దరూ సరిగ్గానే చూశారు నాయనా! నేను మేడ మీద నుంచి దిగలేదు ఇంకా, చేతులు వణుకుతున్నాయి, చలికి కాదు.


పటమట_ఫొటో
జనవరి 23, రాత్రి 10:15

రెండు ఫొటోలనూ నక్షత్రాలు కలిసేలా ఒకదాని మీద ఒకటి పెట్టాను. రెండు గీతలు దాదాపు సమాంతరం. కృత్తిక-రోహిణి దూరంతో పోల్చి కొలిస్తే మధ్య ఎడం 3.7 డిగ్రీలు. అంటే ఏడు నిండుచంద్రులను పక్కపక్కన పెట్టినంత.


లెక్కల_మాస్టారు
జనవరి 23, రాత్రి 11:05

లెక్క పాప కోసం రాస్తున్నాను, పెద్దవాళ్లు కూడా చూడవచ్చు. 360ని 3.7తో భాగిస్తే 97.3. అంటే మన 30 కిలోమీటర్ల ముక్కలు 97.3 పేర్చితే ఒక పూర్తి వలయం. 2,919 కిలోమీటర్లు. వలయం చుట్టుకొలతను 6.28తో భాగిస్తే వ్యాసార్ధం, 465 కిలోమీటర్లు. మన ఇద్దరికీ ఐఎస్‌ఎస్‌కూ మధ్య ఉన్న దూరం అది.

పడుకోబోతూ ఒక తప్పు గుర్తొచ్చి లేచాను. అది సరిగ్గా నడినెత్తిన లేదు, ఈశాన్యం వైపు కాస్త వాలి ఉంది. అటు వాలి చూసేవాడికి మన 30 కిలోమీటర్లు నిండుగా కనబడవు, 29 అనిపిస్తాయి. మళ్లీ కడితే 449. వెబ్‌సైటు ఆ క్షణానికి ఇచ్చిన దూరం 430 ప్రాంతంలో ఉంది. రెండు ఫోన్లతో, రెండు ఊళ్లతో ఇరవై కిలోమీటర్ల తేడాలో పట్టుకున్నాం. విజయవాడ నుంచి మద్రాసుకు రైలు దారి కూడా సుమారు 430 కిలోమీటర్లే.


అనుమానం_ముందు
జనవరి 24, ఉదయం 6:50

రాత్రి కూర్చుని నేను కూడా కట్టాను. 449 వచ్చింది. 3.7 బదులు 3.9 ఉంటే 426 వస్తుంది. పటమట వారు కొలత ఇంకోసారి చూడాలి.


పటమట_ఫొటో
జనవరి 24, ఉదయం 9:20

చూశాను. గీత మందంగానే ఉంది, 3.7 అన్నా 3.9 అన్నా కాదనలేను. మీకు ఏది కావాలో అది రాసుకోకుండా మొదటి కొలతే ఉంచుదాం.


కృష్ణలంక_అమ్మ
జనవరి 24, ఉదయం 9:45

పాప అడుగుతోంది, ఇలాగే చందమామ దూరం కూడా కొలవవచ్చా అని.


లెక్కల_మాస్టారు
జనవరి 24, ఉదయం 10:10

గుంటూరు, విజయవాడ సరిపోవు తల్లీ. చందమామ దాదాపు వెయ్యి రెట్లు దూరం, ఎడం వెయ్యో వంతుకు పడిపోతుంది. విజయవాడలో ఒకరు, చాలా దూరదేశంలో ఇంకొకరు కావాలి. ఎవరి చుట్టాలైనా ఆస్ట్రేలియాలో ఉంటే చెప్పండి.


తెనాలి_తాత
జనవరి 24, ఉదయం 10:30

మా మనవడు పెర్త్‌లో ఉన్నాడు. స్కైలాబ్ వాళ్ల వైపే పడింది.


ఘాటు_మిర్చి
ఫిబ్రవరి 24, రాత్రి 8:10

నైరుతి దారి మళ్లీ సాయంత్రానికి వచ్చింది. ఈరోజు 7:42కు. నా 4 సెకన్ల హక్కు నిరూపించడానికి అక్కకు ఫోను చేసి లైనులో ఉంచాను. నడినెత్తికి రాకముందే ఆరిపోయేదని పట్టికలో ముందే చూశాం, కాబట్టి ఆరిన క్షణాన ఇద్దరం "పోయింది" అని అరవాలి. నేను ముందు అరవాలి కదా. ఇద్దరం ఒకేసారి అరిచాం. మూడో అంతస్తు ఆయన కూడా మా వెనుకే అరిచారు, వినబడింది. ఏమిటిది మాస్టారూ?


లెక్కల_మాస్టారు
ఫిబ్రవరి 24, రాత్రి 8:34

నడినెత్తికి రావడం చూసేవాడిని బట్టి ఉంటుంది, అందులో నీకు 4 సెకన్లు ఉన్నాయి. నీడలోకి వెళ్లడం దానికీ సూర్యుడికీ సంబంధించిన విషయం. అక్కడ పొద్దు ఒక్కసారే గుంకింది, గుంటూరుకు వేరు, బెజవాడకు వేరు అని లేదు.


ఘాటు_మిర్చి
ఫిబ్రవరి 24, రాత్రి 8:36

అయితే ఈసారి నీడ పడని రోజు చూసి చెప్పండి.